క్షేమమన్న ఒక్క మాట: యుద్ధఖైదీ ఇంటికి రాసే ఉత్తరం

శత్రువు చేతికి చిక్కిన సిపాయి తన భార్యకు పంపే ఉత్తరం ఆమెను చేరేలోగా ఎందరి కళ్ల ముందు నుంచి సాగి వస్తుందో లెక్క వేస్తే, దాన్ని ఆలుమగల జాబు అనడానికి కొంత తటపటాయించవలసి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పరకాల దగ్గరి ఒక పల్లెకు అటువంటి కార్డు వచ్చిందని ఊహించుకుందాం. 1942 జూన్ 21న ఉత్తర ఆఫ్రికాలోని తోబ్రూక్ పడిపోయినప్పుడు జర్మన్, ఇటాలియన్ సేనలకు సుమారు 33,000 మంది చిక్కారు. వారిలో భారతీయ దళాలవారూ ఉన్నారు. సికింద్రాబాదు లష్కరులో భర్తీ అయిన ఒక మోటారు డ్రైవరు ఆ గుంపులో ఉండి, ఇటలీలో భారతీయ ఖైదీలను ఉంచిన అవెజ్జానో శిబిరానికి చేరాడనుకుందాం. చదువు రాని ఆ మనిషి చెబుతుంటే తోటి ఖైదీ ఒకడు రాశాడు. శిబిరంలోని సెన్సారు చదివాడు, లేదా చదివించుకున్నాడు. సముద్రం దాటి వచ్చాక ఇటువైపు సెన్సారు మళ్లీ చదివాడు. ఊరికి చేరాక ఊరి లెక్కలు రాసే పట్వారి విప్పి చదివి వినిపించాడు. ఈ నలుగురి తర్వాత ఐదో మనిషి ఆమె. అది కూడా కంటితో చదవడం కాదు, వాకిట్లో నిలబడి వినడం.

ఇందరి నడుమ నలిగి వచ్చిన ఉత్తరంలో భార్యాభర్తలకంటూ ఏం మిగులుతుంది? ఏమీ మిగలదని, ఖైదీల ఉత్తరాలన్నీ ‘నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను’ అన్న చప్పటి వాక్యాలేనని చాలామంది తేల్చేస్తారు. ఆ తీర్పు తొందరపాటు. ఉభయకుశలోపరి అన్న పాత మర్యాద వాక్యం మామూలు రోజుల్లో ఉత్తరానికి గుమ్మం వంటిది, అసలు సంగతి దాని తర్వాత వస్తుంది. ఖైదీ కార్డులో ఆ గుమ్మమే ఇల్లు. రాసినవాడు రాసిన రోజున బతికి ఉన్నాడన్నది అందులోని మొదటి వార్త, చాలాసార్లు అదే మొత్తం వార్త. దానికి మించి ఏదైనా ఉంటే, ఆ ఇంటి కుండలూ కొట్టాలూ మొక్కులూ ఎరిగినవారికి మాత్రమే అర్థమయ్యే రూపంలో ఉంటుంది. అందుకని ఇటువంటి ఉత్తరాన్ని పరిశీలించేటప్పుడు రాసినవాడి మనసు కంటే ముందు అది వచ్చిన దారిని చూడాలి.

ఆ దారికి చట్టం వేసిన కొలతలు ఆసక్తికరంగా ఉంటాయి. 1929 జూలైలో జెనీవాలో కుదిరిన యుద్ధఖైదీల ఒప్పందం ప్రకారం, శిబిరం చేరిన వారంలోగా ప్రతి ఖైదీ తాను పట్టుబడిన సంగతినీ తన ఆరోగ్యస్థితినీ తెలుపుతూ ఇంటికి ఒక కార్డు రాసుకునే వీలు కల్పించాలి. ఆపై నెలకు ఎన్ని ఉత్తరాలన్నది పట్టుకున్న ప్రభుత్వమే నిర్ణయించుకునేది. యుద్ధం ఆ వెసులుబాటులోని లోపాన్ని బయటపెట్టింది. 1949 ఆగస్టు 12 నాటి మూడో జెనీవా ఒప్పందంలోని 71వ అధికరణం అందుకే అంకెలు వేసింది. పరిమితి పెట్టక తప్పనప్పుడు కూడా నెలకు రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులకు తగ్గకూడదు. పట్టుబడినట్టు తెలిపే తొలి కార్డు ఈ లెక్కలోకి రాదు. క్రమశిక్షణ పేరుతో ఉత్తరాలను ఆపడం, ఆలస్యం చేయడం కుదరదు. తపాలా ఖర్చు ఉండదు. సెన్సారు పంపే దేశం ఒకసారి, అందుకునే దేశం ఒకసారి, అంతకు మించి చేయరాదు. ఒప్పందానికి జతచేసిన నమూనాలో కార్డు కొలత 15 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు. మడతపెట్టి అంటించే ఉత్తరంలో సుమారు 250 మాటలకు చోటుంటుందని ఆ నమూనా కిందే రాసి ఉంది. ఒక మనిషి తన ఆలికి నెలకు చెప్పుకోగల మాటలను అంతర్జాతీయ చట్టం ఇలా గీతలు గీసి ఇచ్చింది. వినడానికి కరకుగా ఉన్నా, ఆ గీతలు లేని చోట ఏం జరిగిందో చూస్తే వాటి విలువ తెలుస్తుంది.

జపాన్ 1929 ఒప్పందంపై సంతకం చేసింది కానీ దాన్ని ధ్రువీకరించలేదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయినప్పుడు పదుల వేల భారతీయ సిపాయిలు ఆ సైన్యం అధీనంలోకి పోయారు. అంతకు ముందు 1941 డిసెంబరులో మలయాలోని కోటా భారు విమానాశ్రయం దగ్గర నిజాం సంస్థాన సైన్యానికి చెందిన మొదటి హైదరాబాద్ పదాతిదళం నిలబడి ఉండింది. పేరులో ‘హైదరాబాద్’ ఉన్న మరో పటాలం, నాలుగో బటాలియన్ 19వ హైదరాబాద్ రెజిమెంటు కూడా మలయాలోనే పోరాడింది. అయితే అందులోని సిపాయిలు ప్రధానంగా ఉత్తరాది వారు, ఆ రెజిమెంటే 1945లో కుమావూన్ రెజిమెంటుగా పేరు మార్చుకుంది. పేరును చూసి మనవాళ్లనుకుని పొరబడేవారు ఇప్పటికీ ఉన్నారు గనుక ఈ మాట.

జపాన్ శిబిరాల నుంచి వచ్చిన కార్డులు చాలావరకు ముందే అచ్చు వేసినవి. నా ఆరోగ్యం చాలా బాగుంది, మామూలుగా ఉంది, బాగా లేదు అన్న మూడింట్లో ఒకటి ఉంచి తక్కినవి కొట్టేయాలి. జీతానికి పని చేస్తున్నానన్న వాక్యం ఒకటి, ఫలానావారిని జాగ్రత్తగా చూసుకోండి అన్న ఖాళీ ఒకటి, చివర సంతకం. ఈ కార్డులు చేరడానికి ఏడాది, అంతకంటే ఎక్కువ కూడా పట్టేది. బ్రిటిష్ సైన్యం మొదటి యుద్ధంలో తన సొంత సిపాయిలకే ఇటువంటి అచ్చు కార్డు ఇచ్చింది. అక్కర్లేని వాక్యాలు కొట్టేయవచ్చు, ఒక్క మాట అదనంగా చేర్చినా కార్డును చింపేస్తామని దాని మీదే ఉండేది. అంటే ఈ పద్ధతికి జపాన్ ఆద్యం కాదు. అయితే సొంత పటాలం ఇచ్చిన అచ్చు కార్డు చేతికందిన ఇల్లాలికి మరో వారంలో మరో కార్డు వస్తుందన్న నమ్మకం ఉంటుంది. శత్రువు ఇచ్చిన అచ్చు కార్డుతో వచ్చే చిక్కు వేరు. ‘బాగా లేదు’ అన్న మాటను ఉంచే ధైర్యం ఎందరికి ఉంటుంది? ఉంచితే ఆ కార్డు శిబిరం గేటు దాటుతుందా? ఈ సంగతి ఇంట్లోవారికీ తెలుసు. అందువల్ల ‘మామూలుగా ఉంది’ అన్నదాన్ని బాగా లేదని చదువుకోవడం, ‘చాలా బాగుంది’ అన్నదాన్ని అనుమానించడం సహజంగా అలవాటవుతుంది. అచ్చు అక్షరాలను పక్కన పెట్టి చివరి సంతకాన్నే పట్టిపట్టి చూస్తారు. గీత వణికిందా, పేరు సగంలో ఆగిందా, వేలిముద్ర అయితే వేలు నిండుగా పడిందా అన్నది చూస్తారు. అక్షరం రాని మనిషి కూడా చదవగలిగిన భాగం అదొక్కటే.

పరకాల పల్లెకు తిరిగి వస్తే, అక్కడి చిక్కు ఇంకొకటి. నిజాం సంస్థానంలో సర్కారు భాష ఉర్దూ, పై తరగతుల్లో బోధనాభాష ఉర్దూ, ఊళ్లో మాట తెలుగు. నూటికి పదిమందికి కూడా చదువు లేని కాలం. బ్రిటిష్ ఇండియా సైన్యం తన సిపాయిలకు నేర్పింది రోమన్ ఉర్దూ, అంటే ఇంగ్లిష్ లిపిలో రాసే హిందుస్తానీ. ఖైదీ తన మాతృభాషలో రాసుకోవచ్చని ఒప్పందం అన్నా, తెలుగు చదవగల సెన్సారు శత్రుశిబిరంలో దొరకడం కష్టం. చదవలేని ఉత్తరం బల్ల మీద ఉండిపోతుంది. కనుక తెలుగులో తలచిన మాట హిందుస్తానీలోకి మారి, ఇంగ్లిష్ లిపిలో కూర్చుని, సముద్రం దాటి వచ్చి, పట్వారి నోట మళ్లీ తెలుగయ్యేది. సంస్థానానికి 1950 దాకా సొంత తపాలా ఉండేది కాబట్టి చివరి మజిలీలో చేతులు ఇంకొన్ని పెరిగేవి. ఇన్ని మార్పుల తర్వాత ‘పైలం’ అన్న మాటకు ఏ గతి పడుతుందో ఆలోచించవచ్చు. జాగ్రత్త, భద్రం, కనిపెట్టుకుని ఉండు, నువ్వు బాగుంటేనే నేను బాగుంటాను అన్నవన్నీ వరంగల్ ప్రాంతంలో ఆ రెండు అక్షరాల్లో ఇముడుతాయి. హిందుస్తానీలో అది ‘ఖబర్దార్’ అయితే బెదిరింపులా వినిపిస్తుంది, ‘హిఫాజత్’ అయితే దస్తావేజు మాటలా ఉంటుంది. పట్వారి మంచి మనసున్నవాడైతే దాన్ని తిరిగి ‘పైలం’ చేసి చదువుతాడు.

ఆ పట్వారి మంచి మనసు మీద ఆధారపడటమే అసలు చిక్కు. సెన్సారు గురించి రాసేవారు సాధారణంగా సైన్యపు సెన్సారు దగ్గరే ఆగిపోతారు. కానీ తెలంగాణ పల్లెలో సిపాయి ఎక్కువగా జంకవలసింది ఇటలీలోని అధికారికి కాదు, ఊళ్లో ఉత్తరం చదివిపెట్టే మనిషికి. భూమి లెక్కలు రాసేదీ అతనే, శిస్తు వసూలుకు దారి చూపేదీ అతనే, దొర గడిలో కూర్చునేదీ అతనే. సిపాయి జీతంలో కొంత భాగం ఇంటికి కల్‌దార్, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయల్లో వచ్చేది. సంస్థానంలో చెల్లే హాలీ సిక్కాలో నూరు కల్‌దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు లెక్క. ఎంత పైకం వస్తోందో, ఎవరి బాకీ తీర్చాలో, ఏ చెలక కొనాలో ఉత్తరంలో రాస్తే ఆ వివరం ముందు పట్వారికి, అతని నుంచి సావుకారుకు చేరుతుంది. అందువల్ల డబ్బు మాట తెలివిగల సిపాయి ఉత్తరంలో ‘అందుతున్నదా’ అన్న ఒక్క ప్రశ్నతో ముగుస్తుంది. అంకె ఉండదు. దాన్ని చూసి ఖైదీకి ఇంటి ఆర్థిక సంగతులు పట్టలేదని అనుకోవడం ఎంత పొరపాటో చెప్పనక్కర్లేదు.

ఉత్తరం ఎవరి పేరిట రాస్తారన్నది కూడా చూడవలసినదే. భార్య పేరు నలుగురిలో ఎత్తడం మర్యాద కాని కాలం. ఆమె నోట భర్త పేరు రావడం అసలే లేదు. పై చిరునామా తండ్రిదో అన్నదో అవుతుంది. లోపల ‘నాయినకు, అవ్వకు దండాలు’ అన్న వరుస ముగిశాక, చివరి నుంచి రెండో వాక్యంలో ‘పిల్లల తల్లిని పైలంగ ఉండమనండి’ అని ఉంటుంది. కొత్తగా చదివేవారికి ఆ ఉత్తరం తండ్రికి రాసినట్టే ఉంటుంది. భార్యకు మాత్రం తనకోసమని విడిచిన వాక్యం ఏదో విన్న వెంటనే తెలుస్తుంది. నేరుగా చెప్పలేనిది మూడో మనిషి మీద పెట్టి చెప్పడం ఖైదీలందరిలో కనిపించే పద్ధతి. మొదటి యుద్ధంలో బెర్లిన్ దగ్గర వ్యూన్స్‌డోర్ఫ్‌లోని అర్ధచంద్ర శిబిరంలో భారతీయ ఖైదీల గొంతులను జర్మన్ పండితులు రికార్డు పలకల మీద ఎక్కించారు. 1916 డిసెంబరు 11న అక్కడ మాట్లాడిన ఒక పంజాబీ సిపాయి తన గురించి ‘నేను’ అనకుండా, హిందుస్తాన్‌లో వెన్న తినే మనిషి ఒకడు ఉండేవాడని మొదలుపెట్టి, ఆ మనిషి యుద్ధానికి వచ్చాడని, జర్మనీ పట్టుకుందని, ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉంటే పోతాడని చెప్పాడు. భాషా పరిశోధన కోసం చేయించిన ఆ రికార్డు బెర్లిన్‌లోనే భద్రంగా ఉంది. ఇంటికి పంపడానికి రాసిన ఏ ఉత్తరంలోనూ సెన్సారు అంత మాటను వదిలి ఉండేవాడు కాదు. ఇంటికి పోనిది కాబట్టే ఆ మాట బతికింది.

సెన్సారు కన్ను కప్పే ప్రయత్నాల్లో బాగా పేరుపడినది మిరియాల సంగతి. 1915 ప్రాంతంలో ఫ్రాన్స్, ఇంగ్లండ్‌లలో ఉన్న భారతీయ సిపాయిలు రాసిన జాబుల్లో నల్ల మిర్చి అయిపోవచ్చిందని, ఇప్పుడు ఎర్ర మిర్చిని వాడుతున్నారని వచ్చిన మాటలను సెన్సారు పట్టుకున్నాడు. నల్లది భారతీయ పటాలాలు, ఎర్రది తెల్ల పటాలాలు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య తిరిగే వారెవరికైనా ఆ జాబులో తేడా వెంటనే తగులుతుంది: మిర్చి నిల్వ గురించి దిగులుపడే సిపాయి ధర గురించి ఒక్క మాటైనా అనకుండా ఉండడు. ఆ సంకేతం విఫలం కావడానికి కారణం అదే. అది బయటి నుంచి తెచ్చి పెట్టిన సంకేతం, వాక్యంలో ఇమడలేదు. చాలావరకు సిపాయిలు గాయపడి ఆసుపత్రుల్లో ఉండగా రాసినవి గనుక పట్టుబడినా పెద్ద ప్రమాదం లేకపోయింది. ఖైదీకి ఆ వెసులుబాటు లేదు. అతని సంకేతం సంకేతంలా కనిపించకూడదు.

ఇంటి నుంచి పుట్టిన సంకేతం అలా ఉండదు. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది. అక్కడ బెల్లాన్ని బంగారమనే పిలుస్తారు. ఆపద గట్టెక్కితే నిలువెత్తు బంగారం ఇస్తామని మొక్కుకున్నవారు మనిషిని తరాజులో కూర్చోబెట్టి, అతని బరువుకు సరితూగే బెల్లం తల్లులకు సమర్పిస్తారు. మన ఊహలోని అవెజ్జానో ఖైదీ తన కార్డులో ఇలా చెప్పించాడనుకుందాం: ‘నేను మంచిగున్న. జాతరల నా పేరిట బంగారం మొక్కిండ్రేమో. గంత అవసరం లేదు, తమ్ముని ఎత్తు సాలు.’ ఇటాలియన్ సెన్సారుకు ఇది మొక్కుల గోల. బొంబాయిలో సెన్సారు బల్ల దగ్గర కూర్చున్న క్లర్కుకు మోటారు డ్రైవరు ఇంట బంగారం ఎక్కడిదన్న అనుమానం రావచ్చు, నవ్వుకుని ముద్ర వేయవచ్చు. పట్వారి చదివేటప్పుడు పొదుపు మాటగా చదువుతాడు. ఆమెకు మాత్రం తన మరిది వయసు తెలుసు. పన్నెండేళ్ల పిల్లవాడి బరువుకు దిగిపోయిన మనిషి ఎట్లా ఉంటాడో ఆమె లెక్క వేసుకోగలదు. కార్డు మొత్తంలో అబద్ధం ‘నేను మంచిగున్న’ అన్నది ఒక్కటే, అదీ ఆమెను మోసగించేది కాదు.

ఇటువంటి వాక్యం సెన్సారును ఓడించిందని సంబరపడటం కూడా సరికాదు. తూకం వేయలేని బరువు గురించిన వార్తతో ఆమె ఏం చేయగలదు? రెడ్‌క్రాస్ పొట్లాలు ఉండేవి, వాటి మీద ఆమె అధికారం లేదు. అంత దూరపు ఆకలి సంగతి చెప్పడం భారాన్ని పంచుకోవడమా, మోపడమా అన్నది రాసేవాడికి కూడా తేలని ప్రశ్నే. చాలామంది అందుకే ఏమీ చెప్పకుండా ఊరుకున్నారు. తిరిగి వచ్చాక కూడా ఊరుకునే ఉన్నారు.

ఉత్తరం రాకపోవడానికి చట్టంలో ఉన్న అర్థం వేరు, ఇంట్లో ఉన్న అర్థం వేరు. 1872 నాటి భారత సాక్ష్య చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఒక మనిషి బతికి ఉంటే సహజంగా ఎవరికి కబురు తెలియాలో వారికి ఏడేళ్లపాటు ఏ కబురూ లేకపోతే, అతడు బతికి ఉన్నాడని వాదించేవారే దాన్ని నిరూపించాలి. కొత్త చట్టం వచ్చాక కూడా ఈ సూత్రం కొనసాగుతోంది. ‘సహజంగా కబురు తెలియవలసినవారు’ అన్న మాటలో మొదటి మనిషి భార్యే. ఒక్క కార్డు ముక్క వచ్చిందా, ఆ ఏడేళ్ల లెక్క మళ్లీ మొదటికి పోతుంది. కోర్టుకు అది సాక్ష్యం. ఆమెకు బొట్టు, మట్టెలు, పేరంటంలో పీట. కబురు లేని సిపాయి భార్య ముత్తైదువా కాదా అన్న ప్రశ్నకు ఊరు రోజుకో తీరున జవాబు చెబుతుంది. ఆమె బొట్టు తీయనంటే ఆశపోతు అంటారు, తీస్తే తొందరపడింది అంటారు. పెన్షను కోసం అతడు పోయాడని ఒప్పుకుంటే వెతికే హక్కు బలహీనపడుతుంది.

1971 యుద్ధం తర్వాత ఈ సందిగ్ధం ఎంతకాలం సాగగలదో దేశం చూసింది. భారత్ చేతిలో 93,000 మంది పాకిస్తానీ ఖైదీలు ఉన్నారు. పాకిస్తాన్ చేతిలోని భారతీయ ఖైదీలు 1972 డిసెంబరు 1న వాఘా మీదుగా తిరిగొచ్చారు. తిరిగిరాని 54 మంది సైనికులు ఆ దేశపు జైళ్లలో ఉన్నారన్న వాదన మాత్రం నేటికీ తెగలేదు, పాకిస్తాన్ దాన్ని ఒప్పుకోలేదు. ఆ జాబితాలోని ఒక మేజర్ నుంచి వచ్చిన చిన్న చీటీ 1974 చివరలో తండ్రికి అందింది. తాను అక్కడ బాగానే ఉన్నానన్నది అందులోని సారాంశం. జెనీవా పద్ధతిలో రాని ఆ చీటీకి శిబిరం సంఖ్య లేదు, సెన్సారు ముద్ర లేదు, అందువల్లే దాని బలం తగ్గిపోయింది. సెన్సారు ముద్రను ఉత్తరానికి పట్టిన మరకగా చూస్తాం గానీ, ఈ మనిషి మా దగ్గర ఉన్నాడని శత్రుప్రభుత్వం స్వయంగా ఇచ్చే రసీదు కూడా అదే. ముద్ర పడిన ఖైదీని మాయం చేయడం కష్టం.

ఈ రసీదు పనిని ఒక వ్యవస్థగా నిలిపింది అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ. 1914 ఆగస్టు 21న జెనీవాలో ఖైదీల సమాచార సంస్థ మొదలై, యుద్ధం ముగిసేసరికి దాదాపు 70 లక్షల సూచిక కార్డులు పేర్చింది. 1949 ఒప్పందం ప్రకారం తొలి కార్డు ఒకటి ఇంటికి, రెండోది ఈ కేంద్రానికి పోవాలి. 1962లో చైనాకు పట్టుబడిన సుమారు 3,900 మంది భారతీయ సైనికుల విషయంలోనూ, లాంఛనంగా యుద్ధం ప్రకటించకపోయినా, ఆ ఒప్పందమే ఆధారం; వారి విడుదల 1963 మే నాటికి ముగిసింది. ఖైదీ రాసిన వీలునామా, తన తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే ముఖ్తార్‌నామా ఇంటికి చేర్చే బాధ్యత కూడా 77వ అధికరణం పట్టుకున్న దేశం మీద పెట్టింది. భూమి పట్టా భర్త పేరిట ఉన్న ఇంట ఆ ఒక్క కాగితం వంద ప్రేమలేఖలతో సమానం. అది లేకపోతే ఆమె కౌలుకు ఇవ్వలేదు, బ్యాంకు అప్పు తిరగరాయించలేదు, మరిది దున్నుతానంటే కాదనలేదు.

ఇటీవలి సంఘటనల్లో ఉత్తరానికి చోటే లేకుండా పోయింది. 1999లో కార్గిల్ పోరులో విమానం నుంచి దూకి పట్టుబడిన కంబంపాటి నచికేత మే 27 నుంచి జూన్ 3 వరకు, 2019లో అభినందన్ వర్ధమాన్ ఫిబ్రవరి 27 నుంచి మార్చి 1 వరకు మాత్రమే ఖైదులో ఉన్నారు. అభినందన్ విషయంలో ఉత్తరం చేయవలసిన పనిని వీడియో గంటల్లో చేసేసింది. అతడు బతికి ఉన్నాడని భార్యకు తెలిసిన క్షణంలోనే దేశమంతటికీ తెలిసింది. ముఖం మీది రక్తమూ అందరూ చూశారు. ఖైదీలను ప్రజల వింతచూపులకు గురిచేయరాదని 1949 ఒప్పందంలోని 13వ అధికరణం చెబుతోంది. సెన్సారు చదివిన కార్డు ఆ మర్యాదను ఎంతో కొంత కాపాడేది: చదివినవాళ్లు నలుగురే, వాళ్లూ ముఖం చూడలేదు. ఫోన్లు రాకముందు గల్ఫ్‌కు పోయిన భర్తల క్యాసెట్ల కోసం ఎదురుచూసిన జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లకు ఈ తేడా చెప్పనక్కర్లేదు. క్యాసెట్టు వాకిట్లో అందరూ వినేవారు, ‘మంచిగున్న’ అన్న మాట దగ్గర గొంతు ఎట్లా పలికిందో ఒక్కరే వినేవారు.

తిరుగు ఉత్తరం గురించి చట్టం చెప్పింది తక్కువ, పరిశోధకులు రాసింది ఇంకా తక్కువ. ఖైదీ దగ్గర ఉత్తరాలు దాచుకునే చోటు లేదు. శిబిరం మారినప్పుడల్లా పోతాయి. ఇంటి నుంచి వెళ్లిన జాబుల్లో ఏది చెప్పకూడదో సిపాయిల ఇళ్లకు బాగా తెలుసు. చావు రాయరు, ఎద్దు పోయిందని రాయరు, వానలు లేవని రాయరు. పెళ్లి, పురుడు, కొత్త గడప రాస్తారు. పరకాల పల్లెలో పట్వారి ముందు కూర్చుని మామ తన సంగతులు చెప్పడం ముగించాక, తలుపు చాటు నుంచి ఆమె ఒక్క మాట చేర్చమని అడిగిందనుకుందాం. చిన్నోడు ఈ ఏడాదిలో బాగా ఎదిగిండని, అన్న అంత అయిండని, గనుక బెల్లం ఆ లెక్కనే తెచ్చి అటక మీద పెట్టినమని. 1943 సెప్టెంబరు 8న ఇటలీ లొంగిపోవడంతో శిబిరాలు చెల్లాచెదురై, ఖైదీల్లో కొందరు తప్పించుకున్నారు, ఎందరినో జర్మన్లు ఉత్తర దిక్కుకు తరలించారు. ఆ జాబు అతన్ని ఎక్కడ వెతుక్కుంటూ పోయి ఉంటుందో గానీ, పట్వారి మాత్రం బెల్లం ధర పెరిగిన ఆ రోజుల్లో అంత ఎందుకు కొన్నారని అడిగి, జవాబు రాకపోయేసరికి చెప్పింది చెప్పినట్టు రాసి కింద తేదీ వేశాడు.